43 అడుగుల దగ్గరే మేలుకోవాలి
(భద్రాచలంలో ఎస్.ఆర్. శంకరన్ గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



శంకరన్ గారి పేరు మీద మాట్లాడడం గౌరవం మాత్రమే కాదు, లెక్క అప్పజెప్పడం కూడా. సాంఘిక సంక్షేమ శాఖలో అధికారిగా ఉన్నప్పుడు ఆయన పేదపిల్లల హాస్టళ్లనీ, గురుకులాలనీ ప్రభుత్వం చేసే ఉపకారంగా చూడలేదు, తీర్చవలసిన బాకీగా చూశారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. ఆ అనుభవం తర్వాత కూడా ఆయన ఈ అడవికి ముఖం చాటేయలేదు. పదేళ్లకు పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించి, ప్రభుత్వాన్నీ, నక్సలైట్లనూ తుపాకులు దించమని అడిగారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న వెళ్లిపోయారు. అలాంటి మనిషి ముందు మనం ఏ లెక్క చెప్పగలం? మన ఉన్నత పాఠశాలల్లో పిల్లలు క్షేమంగా ఉన్నారా, చదువుకుంటున్నారా అన్న లెక్క చెప్పాలి. ఆ లెక్క చూడవలసిన పాఠశాల కమిటీ గురించే ఈ రోజు నా మాటలు.

భద్రాచలంలో చదువు రానివాళ్లకు కూడా మూడు అంకెలు నోటికి వచ్చు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఈ రెండు వరదలూ చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. 43 దగ్గర ఊరేమీ మునగదు. అయినా అప్పుడే మైకులు మోగుతాయి, పడవలు సిద్ధం చేస్తారు, లోతట్టు కాలనీల వాళ్లు సామాన్లు సర్దుకుంటారు. మునిగాక చేసే పనికన్నా మునగకముందు చేసే పని విలువైనదని ఈ ఊరు దెబ్బలు తిని నేర్చుకుంది.

బడి విషయంలో మనం ఆ పాఠం ఇంకా నేర్చుకోలేదు. పిల్ల బడి మానేశాక డ్రాపవుట్ అని రాసుకుంటాం. పెళ్లయ్యాక బాల్యవివాహం అంటాం. జ్వరం ముదిరాక ఆస్పత్రికి పరుగెత్తుతాం. పది ఫలితాలు వచ్చాక సమీక్ష పెడతాం. అన్నీ 53 దాటాకే. బడికి కూడా ఒక కొలబద్ద కావాలి, దాన్ని రోజూ చూసే కళ్లు కావాలి. ఆ కళ్లు పాఠశాల కమిటీవే కావాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఒక అనుభవం చెబుతాను. విద్యాహక్కు చట్టం వచ్చిన కొత్తల్లో నేను ఏజెన్సీలో ఒక ఆశ్రమ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్లాను. మొదటి కమిటీ సమావేశానికి ఎజెండా నేనే రాశాను. పది ఫలితాలు మెరుగుపరచుట, రాత్రి స్టడీ అవర్ మరో గంట పెంచుట. తీర్మానం కూడా ముందే రాసిపెట్టాను. సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. టీ తాగి లేస్తుండగా వెనక కూర్చున్న ఒక కోయ తల్లి తన భాషలో ఏదో అడిగింది. పక్కనున్న తండ్రి తెలుగులో చెప్పాడు: "రాత్రిపూట మా పిల్ల బయటికి పోవాలంటే ఎవర్ని లేపాలి సారూ?"

నా దగ్గర జవాబు లేదు. మరుగుదొడ్లు ఆవరణకు అవతలి మూలన ఉన్నాయి. దారిలో లైటు లేదు. వార్డెన్ బాధ్యత చూస్తున్న టీచరమ్మ వారంలో కొన్ని రాత్రులు ఉండేది కాదు. తర్వాత ఆడపిల్లల్ని నెమ్మదిగా అడిగితే తెలిసింది. సాయంత్రం నాలుగు దాటితే వాళ్లు మంచినీళ్లు తాగరు. రాత్రి బయటికి పోవలసి వస్తుందని భయం. నీళ్లు తాగక తలనొప్పి, కడుపునొప్పి, మూత్రంలో మంట. పొద్దున క్లాసులో తల వాల్చి కూర్చునేవాళ్లు. లెక్కల మాస్టారు వాళ్లకు శ్రద్ధ లేదనేవారు. నేను స్టడీ అవర్ పెంచాను. ఆ తల్లి అడిగింది మాత్రం ఒక్క బల్బు.

బల్బు పెట్టాం. రాత్రి తోడుకు ఇద్దరేసి పెద్దపిల్లల వంతు వేశాం. ఆయా మంచం ఆడపిల్లల గది గుమ్మం దగ్గరికి మార్చాం. అందుకు పెద్ద నిధులు అక్కరలేకపోయాయి. ఆ ఏడాది నుంచి నా దృష్టిలో భద్రత, చదువు అని రెండు ఎజెండాలు లేవు. దాహానికి నీళ్లు తాగడానికి భయపడే పిల్లకు త్రికోణమితి రాదు.

న్యాయస్థానం కూడా ఈ మాటే చెప్పింది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి అగ్నిప్రమాదంలో 94 మంది పసిపిల్లలు కాలిపోయారు. ఆ ఘోరం తర్వాత దాఖలైన అవినాశ్ మెహరోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదువుకునే హక్కులోనే భద్రమైన బడిలో చదువుకునే హక్కు ఉందని చెప్పింది.

మన నేల మీదే ఇంకో సాక్ష్యం ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా, ఆనంద్‌ది అప్పటి మన ఖమ్మం జిల్లా. అతను చదివింది అన్నపురెడ్డిపల్లి గురుకులంలో, శంకరన్ గారి పూనికతో వేళ్లూనిన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఒకదానిలో. ప్రమాదమని ఆ పిల్లల్ని ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టలేదు, అలాగని వట్టి చేతులతో కొండ మీదికి తోయనూ లేదు. భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో తర్ఫీదు ఇచ్చారు. కొండ ఎక్కేవాణ్ని పడకుండా పట్టుకునే తాడే అతన్ని పైకి వెళ్లనిస్తుంది. రక్షణకు ఒకటి, ఆరోహణకు ఒకటి అని రెండు తాళ్లు ఉండవు.

ఇక కమిటీ గురించి. మన దగ్గర పాత తరం ఇప్పటికీ విద్యా కమిటీ అనే అంటుంది. 1998 నాటి సామాజిక భాగస్వామ్య చట్టం ఆ మాటను ఊళ్లకు తెచ్చింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీని తప్పనిసరి చేసింది. నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు. బడి నడకను గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల ఖర్చు చూడడం వాళ్ల పని. 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వాళ్ల చేతికి అప్పజెప్పింది. తల్లి చేతికి బడి తాళం ఇవ్వడం మంచి పని.

అయితే ఇక్కడ ఒక గండి ఉంది. విద్యాహక్కు చట్టం పిల్లకు పద్నాలుగేళ్లు నిండేవరకే చెయ్యి పట్టుకుంటుంది. ఎనిమిదో తరగతి దాటగానే వదిలేస్తుంది. సరిగ్గా అదే వయసులో బాలకార్మిక చట్టం కూడా పట్టు సడలిస్తుంది. 2016 సవరణ ప్రకారం పద్నాలుగు దాటిన పిల్లలకు నిషేధం ప్రమాదకరమైన పనులకే పరిమితం. అంటే తొమ్మిదో తరగతి గుమ్మంలో పిల్ల నిలబడేసరికి రెండు చట్టాలూ ఒకేసారి వెనక్కి తగ్గుతాయి. మిర్చి కల్లం, పత్తి చేను, పెళ్లి సంబంధం మూడూ ఒకేసారి ముందుకొస్తాయి. ఉన్నత పాఠశాలలకు అభివృద్ధి కమిటీలు పథకాల మార్గదర్శకాల ద్వారా వచ్చాయి. చట్టం బలం తగ్గిన చోట మనుషుల బలం పెరగాలి. అందుకే ప్రాథమిక బడి కమిటీ కన్నా హైస్కూలు కమిటీ మెలకువగా ఉండాలంటాను.

ఆశ్రమ పాఠశాలకు ఇంకో చిక్కు ఉంది. పట్నం బడిలో తల్లి సాయంత్రం గేటు దగ్గర నిలబడుతుంది. మన పిల్లల తల్లులు రెండు వాగులకు అవతల ఉంటారు. మంగళవారం పదకొండు గంటలకు సమావేశం అని నోటీసు పంపితే, ఆమెకు అది ఒక రోజు కూలి, రెండు ఆటోల చార్జీ. రాకపోతే శ్రద్ధ లేదని మనమే రాస్తాం. నేను పనిచేసిన చోట తర్వాత ఒక మార్పు చేశాం. సమావేశాన్ని వారపు సంత రోజుకు మార్చాం. సంతకు ఎలాగూ వస్తారు, ఉప్పూ నూనె కొనుక్కుని, పిల్లను చూసుకుని, గంటసేపు కూర్చుంటారు. మాట్లాడేది కోయభాషలో. తీర్మానం రాసేది తెలుగులో, చదివి వినిపించేది మళ్లీ కోయలో. ఎనిమిది ఆదివాసీ భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చినప్పుడు అందులో కోయ కూడా ఉంది. పిల్ల ఒకటో తరగతికి పనికొచ్చిన భాష తల్లి సమావేశానికి ఎందుకు పనికిరాదు?

సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి సోమవారం ఏజెన్సీ హెడ్‌మాస్టర్లకు గుండె దడ. హాజరు పిలుస్తుంటే సమాధానం లేని పేర్లు వినిపిస్తాయి. అప్పటికే ఖమ్మం పొలాల్లో మిర్చి ఎర్రబారి ఉంటుంది. కాయ ఏరడానికి కుటుంబాలకు కుటుంబాలు బండ్లెక్కి పోతాయి. అది సర్దుకునేలోగా ఇప్పపువ్వు రాలుతుంది, ఆపైన తునికాకు. పది పరీక్షలేమో మార్చిలో. అడవి క్యాలెండరు, బడి క్యాలెండరు ఎదురెదురుగా నడుస్తాయి. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియక కాదు, ఆ మూడు నెలల కూలే మిగతా ఏడాదిని లాగుతుంది.

ఒక ఏడాది మా తొమ్మిదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు తిరిగి రాలేదు. మా రిజిస్టర్‌కు తెలిసింది అంతే. కమిటీలో ఒక తల్లికి మాత్రం మొదటి పిల్ల ఏ మండలంలో, ఎవరి చేనులో ఉందో తెలుసు. ఆమె తమ్ముడు అదే చేనులో పనిచేస్తున్నాడు. మూడో రోజుకు పిల్ల బడిలో ఉంది. ఇప్పుడామె నర్సు. రెండో పిల్ల గూడెం నుంచి కమిటీలో ఎవరూ లేరు. నేను ఉత్తరం రాశాను, ఫోన్లు చేయించాను, పని ఒత్తిడిలో పడి వారం ఆగాను, మరో వారం ఆగాను. మనిషిని పంపేసరికి ఆ పిల్లకు పెళ్లయిపోయింది. వయసు పదిహేను. ఆ ఏడాది మా పది ఫలితాలు బాగున్నాయని నాకు శాలువా కప్పారు. ఆ శాలువా నేను వాడలేదు.

అప్పటి నుంచి నేను అడుగుతున్నది ఇదే. బడికి కూడా మూడు హెచ్చరికలు పెట్టుకుందాం. కారణం తెలియకుండా పిల్ల మూడు రోజులు రాకపోతే మొదటి హెచ్చరిక: ఆ గూడెం సభ్యురాలికి ఆ సాయంత్రమే కబురు. వారం దాటితే రెండో హెచ్చరిక: ఒక ఉపాధ్యాయుడు, ఒక కమిటీ సభ్యురాలు కలిసి ఇంటికి వెళ్లడం. పదిహేను రోజులైతే మూడో హెచ్చరిక: పంచాయతీ, అంగన్‌వాడీ, ఐసీడీఎస్, ఐటీడీఏ అందరికీ రాతపూర్వకంగా తెలపడం. దీనికి కావలసిందల్లా గూడేనికి ఒక సభ్యురాలు. కమిటీని కులపెద్దల జాబితా చూసి కాక, పిల్లలు వచ్చే గూడేల జాబితా చూసి కట్టాలి.

మూడు రోజులకే కంగారెందుకని కొందరు మిత్రులు అడిగారు. 43 అడుగులకు కూడా ఊరేమీ మునగదు. అయినా మైకు మోగుతుంది.

ఈ హెచ్చరిక హాజరుకే కాదు. వానాకాలం ఒకే గదిలో ముగ్గురికి చలిజ్వరం వస్తే మలేరియా పరీక్షకు అదే 43. నేల మీద పడుకునే పిల్లలకు రాత్రి కట్లపాము ముప్పు ఉంటుంది. పరుపు కిందికి బిగించి కట్టిన దోమతెర అటు దోమనూ ఇటు పామునూ ఆపుతుంది. కరిస్తే మంత్రం కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టకుండా విరుగుడు మందున్న ఆస్పత్రికి పోవాలని అందరికీ తెలిసి ఉండాలి. ఒంటినొప్పులతో తరచూ మూలిగే పిల్లను సోమరి అనే ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. ఆ జబ్బు నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమమే మొదలైంది. గోదావరి పొంగినప్పుడు మన బడులే పునరావాస కేంద్రాలవుతాయి. ఆ రోజుల్లో పిల్లలు ఎక్కడుండాలి, పోయిన పాఠాలు ఎప్పుడు చెప్పుకోవాలి అన్నది జూన్‌లోనే కమిటీ రాసుకోవాలి.

ఫలితాల లెక్క మీద ఒక మాట. ఉదాహరణకు ఆరో తరగతిలో నలభై మంది చేరారనుకోండి. అయిదేళ్లకు పది పరీక్షకు ఇరవై ఆరుగురు మిగిలారు, అందరూ పాసయ్యారు. మనం నూటికి నూరు అని బ్యానర్ కడతాం. నలభై మంది తల్లుల లెక్కలో అది అరవై ఐదే. ఆ పద్నాలుగు మంది ఏరి? ఫలితం తగ్గుతుందన్న భయంతో వెనకబడిన పిల్లను టీసీ తీసుకోమని మెల్లగా నెట్టిన బడులు లేవని మనలో ఎవరైనా గుండె మీద చెయ్యివేసుకుని చెప్పగలరా? కమిటీ అడగవలసింది పాస్ శాతం ఒక్కటే కాదు. చేరిన వాళ్లలో ఎంతమంది చివరిదాకా ఉన్నారన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న అడిగిన రోజు భద్రత లెక్క, చదువు లెక్క ఒకే పేజీ మీదికి వస్తాయి.

కొన్ని విషయాల్లో కమిటీకి కూడా విచక్షణ లేదు, తెలుసుకోండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. బడి పరువు, ఊరి పరువు అని పంచాయితీ పెట్టి సర్దే అధికారం హెచ్‌ఎంకు లేదు, చైర్మన్‌కు లేదు, కులపెద్దకు లేదు. 1098 నంబరు గోడ మీద రాస్తే చాలదు, ఫోను ఎక్కడుందో పిల్లకు తెలియాలి. ఫిర్యాదు పెట్టె తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటే అది పెట్టె కాదు, అలంకారం. తాళంచెవి ఒక తల్లి దగ్గర ఉండాలి. పిల్లను కొట్టడం, మనసు నొచ్చేలా అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. బెత్తం లేకపోతే చదువు రాదనే మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే: భయపడ్డ పిల్ల ముందు నోరు మూసుకుంటుంది, తర్వాత పారిపోతుంది.

ప్రపంచంలో ఈ ప్రయత్నం చేసింది మనమే కాదు. అమెరికాలోని షికాగో నగరం 1988 చట్టంతో ప్రతి బడికీ తల్లిదండ్రులే ఎక్కువగా ఉండే కౌన్సిల్ ఇచ్చింది, ప్రధానోపాధ్యాయుణ్ని ఎంచుకునే అధికారంతో సహా. ఉన్నత పాఠశాల కౌన్సిల్‌లో ఒక విద్యార్థికి కూడా చోటిచ్చింది. ఆ బడులను ఏళ్ల తరబడి గమనించిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ పరిశీలనలో ఒక సంగతి తేలింది. బడిలోని పెద్దల మధ్య, తల్లిదండ్రులతో నమ్మకం గట్టిగా ఉన్న బడులు రెండింటిలో ఒకటి చదువులో మెరుగుపడింది. నమ్మకం బలహీనంగా ఉన్న బడులు ఏడింటిలో ఒకటే మెరుగుపడింది. మన కమిటీల్లో కూడా పిల్లలకు ఒక కుర్చీ వేయండి. ఆడపిల్ల ఒకరు, మగపిల్లవాడు ఒకరు. రాత్రి ఏ దారి చీకటో వాళ్లకన్నా ఎవరికి తెలుసు?

చివరగా, సరిహద్దుల మాట. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్నం ఇటు తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల పల్లెలు అటు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. ఎటపాకలో ఇల్లు, భద్రాచలంలో బజారు. చింతూరు, కూనవరం పిల్లలు మిర్చికి వచ్చేది ఖమ్మం చేలకు. గీత కాగితం మీదే, పిల్ల కష్టం గీత దాటే వస్తుంది. రెండు వైపుల కమిటీలు ఏడాదికి రెండుసార్లయినా కలిసి కూర్చుని, కనిపించకుండా పోయిన పిల్లల పేర్లు మార్చుకోవాలి.

అంతకన్నా లోపల, అడవిలో, గుత్తికోయల గూడేలున్నాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం అనే నక్సల్ వ్యతిరేక దళాల మంటల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు. ఆ గూడేల్లో చాలావాటికి కరెంటు లేదు, దారి లేదు, పత్రాలు లేవు. బడి దాకా వచ్చిన పిల్లకు తెలుగు పరాయి భాష. ఏ జాబితాలోనూ లేని గూడెం నుంచి ఏ కమిటీలోనూ తల్లి ఉండదు. నా రెండో పిల్ల గూడెంలాగే. ప్రతి కమిటీలో ఒక కుర్చీ వాళ్లకు కేటాయించమని ఈ వేదిక నుంచి చేతులు జోడించి అడుగుతున్నాను. పత్రం లేదు కాబట్టి పిల్ల లేదు అనడం శంకరన్ గారి పేరున్న సభలో కుదరదు.

మిత్రులారా, వచ్చే సమావేశం నుంచి ఒక్క పని చేయండి. ఎజెండాలో మొదటి అంశంగా ఆ నెల బడికి రాని పిల్లల పేర్లు చదవండి. సంఖ్య కాదు, పేర్లు. పేరు, తల్లి పేరు, గూడెం పేరు, పిల్ల ఇంటి భాషలో, గట్టిగా. చదివిన ప్రతి పేరు దగ్గరా ఆగండి. ఎవరో ఒకరు "నాకు తెలుసు సారూ" అనేదాకా ఆగండి. నేను రెండు వారాలు ఆగవలసింది అక్కడ, ఉత్తరాల దగ్గర కాదు. ఆ గూడెం వాళ్లు ఎవరూ గదిలో లేరని తేలితే, ఆ రోజు సమావేశం ముగిసేలోగా అక్కడికి ఎవరు బయల్దేరుతారో రాసుకోండి.